కావేరి దగ్గర నేను దాచిన పాఠం

వెంకటాచలం ఊరి దగ్గర కాలేజీవాళ్ళు నన్ను అడిగింది ఇది కాదు. వీడియో ఎడిటింగ్ కొత్తగా నేర్చుకునే పిల్లలకు పనికొచ్చేలా నాలుగు పేజీల నోట్సు రాసివ్వమన్నారు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో రాస్తే చాలన్నారు. బటన్ల సంగతి మీ ఫోన్లోనే సవాలక్ష వీడియోలు చెబుతాయి, మధ్యలో నేనెందుకు? నెల్లూరులో ఒక స్టూడియో వెనకగదిలో ముప్పై ఏళ్ళకు పైగా కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసిన మనిషిని నేను. ఆ గదిలో నేర్చుకున్నది చెబుతాను. అందులో పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. నేను చేసిన పాడుపని కూడా ఒకటి ఉంది.

ముందే చెప్పేస్తున్నాను, నేను కుళ్ళుబోతుని. ఎవరైనా నాకంటే బాగా ఎడిట్ చేశారని తెలిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. "ఆ, ఏముందిలే అందులో" అని పైకి అంటాను. లోపల కడుపు భగభగ మండుతూ ఉంటుంది. ఈ పనిలో ఉన్న చాలామందికి ఇది ఉంది, ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

మా బంధువుల్లో నా పని ఏమిటో అర్థమైనవాళ్ళు లేరు. కోవూరులో మా పెద్దమ్మ ఒకసారి, "స్టూడియోలో నువ్వు చేసే పనేందే రాజ్యం?" అని అడిగింది.

"వీడియోలు కోస్తా పెద్దమ్మా. అక్కర్లేనిదంతా కోసి పారేసేదే నా పని."

"కోతలు కోసేదానికి జీతం గూడా ఇస్తారంటనే! ఈ సంగతి తెలిస్తే మీ పెదనాయన ఎప్పుడో చేరిపోయుండు!" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్వించింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఎడిటింగ్ అంటే కోత. అన్నేళ్ళూ అదే నమ్మాను. అది సగమే నిజమని పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ పిల్ల పేరు కావేరి. ఆమె దగ్గరికి రావాలంటే ముందు మా యజమాని సంగతి చెప్పాలి.

అయిదు సెకన్లు

స్టూడియో యజమాని శంకరయ్య గారు. నాకు పని నేర్పింది ఆయనే. అప్పట్లో కంప్యూటర్ లేదు. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన ఉండేవి. పెళ్ళిలో తీసిన క్యాసెట్ ఒకదాంట్లో ఆడుతుంటే, కావలసిన ముక్కను రెండోదాంట్లోని కొత్త క్యాసెట్ మీదికి ఎక్కించుకోవాలి. ఒక ముక్క, దాని పక్కన ఇంకో ముక్క. నడుమ ఎక్కడన్నా తప్పు జరిగిందా, అక్కణ్ణించి చివరిదాకా మళ్ళీ చేసుకోవాల్సిందే. మీరేమో కంట్రోల్, జెడ్ కలిపి నొక్కుతారు, తప్పు మాయమైపోతుంది. ఆ రెండు మీటలను చూసినప్పుడల్లా నాకు ఏడుపే. నా వయసులో సగం టేపు వెనక్కి తిప్పుకోవడానికే సరిపోయింది.

మొదటి ఆరు నెలలు నేను వేసిన ప్రతి అతుకు దగ్గరా బొమ్మ చెదిరిపోయి గీతలు పడేవి. శంకరయ్య గారు వేసిన అతుకు ఎక్కడుందో వెతికినా కనబడేది కాదు. "నీ చెయ్యి ఇంకా కుదురుకోలా రాజ్యం" అనేవారు జాలిగా. సరిగ్గా తాను అతుకు వేసే సమయానికి, "ముందు గదిలో ఎవురో వచ్చినట్టుండారు, చూసి రా తల్లీ" అని పంపేవారు. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. నేను తిరిగొచ్చేసరికి అతుకు అయిపోయేది.

ఒకరోజు వెళ్ళినట్టే వెళ్ళి తలుపు కర్టెన్ వెనకాల నిలబడ్డాను. ఆయన రెండు టేపులనూ అయిదు సెకన్లు వెనక్కి తిప్పారు. రెండింటినీ ఒకేసారి వదిలి, అవి వేగం అందుకున్నాక రికార్డు నొక్కారు. అంతే! టేపు కదిలీ కదలగానే సరైన వేగానికి రాదు, ముందు కాస్త పరుగెత్తాలి. ఆరు నెలలు నేను నా చేతిని తిట్టుకున్నది ఈ అయిదు సెకన్ల కోసం.

చాలా ఏళ్ళ తర్వాత, ఆయన పెద్దవారైపోయాక అడిగాను, ఎందుకు చెప్పలేదని. ఆయన దాచుకోలేదు. "నువ్వు చేరిన మూడోరోజే నాకంటే మంచి ముక్క ఎంచినావు రాజ్యం. కడుపు మండింది. ఒక్కటన్నా నా కాడ ఉంచుకుందామనుకున్నా" అన్నారు.

ఆ రోజు ఇంటికి వెళుతూ ఒట్టేసుకున్నాను. నా దగ్గర ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ఒక్క ముక్క కూడా దాచనని. ఒట్టు వేసుకున్నప్పుడు నేను నిజంగానే అనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మేనమామ మోసింది యాడ?

నా పెద్ద తప్పుల్లో కోవూరు పెళ్ళి ఒకటి. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొస్తాడు కదా. ఆ పెళ్ళిలో మేనమామ సన్నగా ఉన్నాడు, పిల్ల బొద్దుగా ఉంది. ఆయన రెండడుగులు వేసి ఆగుతున్నాడు, ఊపిరి పీల్చుకుంటున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు. కెమెరా ఊగుతోంది, ఎవరిదో తల అడ్డం వస్తోంది. ఎంతకీ తెగని షాటు. నేను తెగ్గోసి పారేశాను. గుమ్మంలో పిల్ల గంపలో కూర్చుంటుంది, మరుక్షణం పీటల మీద ఉంటుంది. చాలా చక్కటి కట్ అని నన్ను నేను మెచ్చుకున్నాను.

వారం తిరక్కుండా ఆయన క్యాసెట్ పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. కోపంగా కూడా లేడు.

"అమ్మా, పిల్ల పీటల మీదికి ఎట్ట వచ్చింది?"

"గంపలో తెచ్చారు కదండీ."

"ఎవురు తెచ్చినారు?"

నేను ఆయన చేతిలోని క్యాసెట్ అందుకున్నాను.

"నెల దినాలు వడ్ల బస్తా ఎత్తి ఎత్తి అలవాటు చేసుకున్నానమ్మా. నడుం నొప్పి ఉండాది, యాడ దించేస్తానో అని మా ఆడది ఏడస్తా ఉండింది. దించలా. నేను మోసింది యాడమ్మా?"

అసలు టేపు కోసం పరుగెత్తాను. దాని మీద అప్పటికే ఇంకో పెళ్ళి ఎక్కించేసి ఉన్నారు. టేపులు అలా మళ్ళీ మళ్ళీ వాడుకునేవాళ్ళం. ఆయన చేసిన పని భూమ్మీద ఎక్కడా మిగల్లేదు. తల వంచుకుని క్షమించమన్నాను. "సరేలేమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ "సరేలే" కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

పిల్లలూ, మీకు బోరు కొట్టిన ముక్క ఎవరి కష్టమో తెలుసుకోకుండా తీసెయ్యకండి. తీసినా, కెమెరాతో తీసిన అసలు ఫుటేజీని మాత్రం చెరపకండి. ఇంకో పాతికేళ్ళు ఎడిట్ చేసినా నాకు ఇంతకంటే పెద్ద సంగతి తెలిసేది కాదు.

ఎర్ర తెర

ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నలభై దాటిన నన్ను, ముక్కుపచ్చలారని పిల్లల పక్కన కూర్చోబెట్టి నేర్పించారు. ఒక అక్షరం నొక్కితే తెగిపోవడం, లాగితే అతుక్కోవడం చూసి నాకు సంతోషం కలగలేదు. అసూయ కలిగింది. మేము ఇన్నేళ్ళు పడ్డ అవస్థ ఏమైపోవాలి అనిపించింది.

కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. మీరు చేసిన ఎడిటింగ్ అంతా ఒక ప్రాజెక్టు ఫైలుగా సేవ్ అవుతుంది. ఆ ఫైల్లో మీ వీడియో ఉందనుకుంటారు. లేదు. ఏ ముక్క ఎక్కడుందో, ఎంతవరకు కావాలో ఆ వివరాలే అందులో ఉంటాయి. వీడియోలు వేరే ఫోల్డర్లో ఉంటాయి. ప్రాజెక్టు ఫైలు ఒక్కటీ ఇంకో కంప్యూటర్‌కి పట్టుకెళ్ళి తెరిస్తే, బొమ్మ ఉండాల్సిన చోట ఎర్రటి తెర వస్తుంది. వీడియో దొరకలేదని దాని అర్థం. అందుకే మొదటిరోజే ఒక ఫోల్డర్ పెట్టుకోండి. వీడియోలు, పాటలు, ఫొటోలు, ప్రాజెక్టు ఫైలు అన్నీ అందులోనే. ఎక్కడికి తీసుకెళ్ళినా ఫోల్డర్ మొత్తం తీసుకెళ్ళండి. పేర్లు మార్చకండి. ఇంకో కాపీ వేరేచోట ఉంచుకోండి.

ఇంత చిన్న సంగతి. నేను కావేరికి చెప్పనిది ఇదే.

"నేను ఏరతా మేడం"

రిటైరయ్యాక కాలేజీవాళ్ళు పదిహేను రోజుల క్లాసు చెప్పమన్నారు. వాకాడు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఊరినుంచి కావేరి వచ్చేది, రెండు బస్సులు మారి. వాళ్ళమ్మ ఆదెమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. కావేరి పది నిమిషాల సినిమాకి ఎంచుకున్న విషయం కూడా అదే, అమ్మ గంప. తన ఫోన్‌తోనే తీసింది. ఫోన్లో చోటు చాలక, తీసింది తీసినట్టు కాలేజీ ల్యాబు కంప్యూటర్లో వేసి ఫోన్లోంచి చెరిపేస్తూ ఉండేది.

నేను అందరికీ చెప్పినట్టే చెప్పాను: మొత్తం ఫుటేజీ టైమ్‌లైన్ మీద, అంటే తెర కింద ముక్కలు వరసగా పేర్చుకునే పట్టీ మీద, వేసుకోండి, అక్కర్లేనిది కోసుకుంటూ రండి. అందరూ కోస్తున్నారు. కావేరి తెర మీద మాత్రం రెండు టైమ్‌లైన్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఫుటేజీ అంతా ఉంది. రెండోది దాదాపు ఖాళీ. పై దాంట్లోంచి ఒక్కో ముక్కా చూసి, నచ్చింది కిందికి తెచ్చుకుంటోంది.

"ఏంది కావేరీ ఇది? కొయ్యమంటే కొయ్యవేం?"

"కొయ్యను మేడం, నేను ఏరతా."

"ఏరతావా?"

"వల ఒడ్డుకు చేరినాక మా అమ్మోళ్ళు ఏరతారు గదా. పారేసేది ఏందని చూడరు మేడం. గంపలోకి ఏది పోవాలని చూస్తారు. కోసుకుంటా వస్తే చెడ్డవే కంట్లో పడతా ఉంటాయి, మంచిది కనపడదు."

అక్కర్లేనిదాని కోసం వెతికే కళ్ళతోనే కదా నేను ఆ మేనమామను చూసింది! ఈ పిల్ల ఆ టేపు చూసి ఉంటే ఆయన్ని మొట్టమొదట ఏరి గంపలో వేసుకునేది. నాకు ముప్పై ఏళ్ళు అందనిది ఈ పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. "సరే, నీ ఇష్టం" అని పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ పూట కాలేజీలో పెట్టిన భోజనం ముట్టలేదు.

అంతటితో ఆగినా బాగుండు. శంకరయ్య గారు పోయాక స్టూడియో ఆయన కొడుకు మధు చూసుకుంటున్నాడు. నా టేబుల్ కింద ఆడుకుంటూ పెరిగినవాడు. స్టూడియోలో ఒక ఎడిటర్ కావాలని, మా క్లాసు పిల్లల పని చూడటానికి వచ్చాడు. కావేరి వెనకాల చాలాసేపు నిలబడి, బయటికొచ్చి నాతో అన్నాడు: "ఈ పిల్ల నిన్ను మించిపోద్ది అక్కా!"

వాళ్ళ నాన్న ముసలివారయ్యేదాకా నా మొహం మీద ఒక్కసారి కూడా బాగుందనలేదు. వీడు పది నిమిషాల్లో ఆ పిల్లని నా నెత్తిన కూర్చోబెట్టాడు. నవ్వాను. నవ్వుతూనే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆదివారం అయిదుగురు పిల్లల్ని స్టూడియోకి రమ్మన్నాడు. పూర్తయిన సినిమా అక్కర్లేదు, ఎడిటింగ్ ఎలా చేశారో టైమ్‌లైన్ మీదే చూస్తాను, ప్రాజెక్టు పట్టుకుని రమ్మన్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకురావచ్చన్నాడు. ఉద్యోగం ఒకరికే. ఫోల్డర్ మొత్తం తెచ్చుకోవాలని నేను గురువారం క్లాసులో చెప్పాను. ఆ రోజు ఆదెమ్మకి జ్వరం వస్తే, గంప ఎత్తుకుని కావేరి వెళ్ళింది, క్లాసుకి రాలేదు.

శనివారం క్లాసు ముగిశాక కావేరి పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "మేడం, ఈ ప్రాజెక్టు ఫైలు ఒక్కటి ఎక్కించుకుంటే చాలునా?"

ఇప్పుడు కూడా ఆ క్షణాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నానో. మరిచిపోయానని చెప్పుకోవచ్చు, తొందరలో ఉన్నానని చెప్పుకోవచ్చు. అవేవీ కాదు. నాకు బాగా తెలుసు.

"చాల్లే" అన్నాను.

ఆదివారం

ఆదెమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కనున్నవాళ్ళకి, "నన్ను తీసిందంట మా పాప, సినిమా" అని చెబుతోంది.

కావేరి పేరు పిలిచారు. ప్రొజెక్టర్‌కి కలిపిన కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టింది. ఫైలు తెరిచింది. గోడ నిండా ఎర్ర తెర.

కావేరి అటు లాగింది, ఇటు లాగింది. ఎక్కడ ఆడించినా ఎరుపే. నా వైపు తిరిగి చూసింది. నేను గోడను చూస్తున్నాను.

ఆదెమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది. తర్వాత కూతురితో మెల్లగా అంది: "యాడే, నేను యాడుండా? గంప ఎత్తుకోని అంత దూరం నడిచినాను గదే."

నాకు తల కొట్టేసినట్టయింది. కోవూరు మేనమామ మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాదే తప్పమ్మా" అంది కావేరి. "మేడం చెప్పే ఉంటారు. నేను సరిగ్గా ఇనలా."

అప్పుడన్నా నేను లేవాలి. ల్యాబు తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. వెంకటాచలం వెళ్ళి ఫోల్డర్ తీసుకురావడానికి గంటన్నర చాలు. "ఆగు మధూ" అంటే ఆగేవాడు. బ్యాగును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మధు "పాపం" అని, తర్వాతి అబ్బాయిని పిలిచాడు. ఉద్యోగం ఆ అబ్బాయికే వచ్చింది. పనిమంతుడే, అతని తప్పేమీ లేదు.

అమ్మ గంప

సోమవారం ల్యాబు తెరిచి కావేరి సినిమా చూశాను. ఒక్కదాన్నే. నిజం చెప్పాలి కదా, తప్పులు పట్టడానికే చూశాను. ఒకచోట దొరికింది. ఆదెమ్మ గంప దించి, నెత్తి మీది చుట్టగుడ్డ తీసి, విదిలించి, మళ్ళీ చుట్టుకుంటుంది. అక్కడ షాటు మరీ సాగింది, నేనైతే రెండు సెకన్లు ముందే కోసేదాన్ని. అబ్బ, దొరికింది అనుకున్నాను. ఆ రెండు సెకన్లలోనే ఆదెమ్మ వేళ్ళతో నడినెత్తి తడుముకుంది. అక్కడ వెంట్రుకలు అరిగిపోయి అరచేతి మేర బోడిగా ఉంది. ఎవరూ చూడటం లేదనుకుని గబుక్కున గుడ్డ కప్పేసుకుంది.

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. జాలితో ఏడ్చానని అనుకోకండి. అంత బాగా నేనెప్పుడూ చేయలేకపోయానని ఏడ్చాను.

మధు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. "నువ్వా అక్కా?" అని నోరు తెరిచాడు. ఆ అబ్బాయికి మాట ఇచ్చేశాను, ఇప్పుడెట్టా అన్నాడు. ఫోల్డర్ మొత్తం లాప్‌టాప్‌లో వేసుకుని వాకాడు బస్సెక్కాను, అక్కణ్ణించి ఆటో.

ఆదెమ్మ ఇంటి ముందు కూర్చుని చేపలు ఏరుతోంది. కావేరి పక్కన ఉంది. ముందు సినిమా చూపించాను. ఆదెమ్మ చేతులు కడుక్కుని కూర్చుని చూసింది. నడినెత్తి కనబడగానే "ఛీ, ఇదెందుకు తీసినావే?" అని కూతురి వీపు మీద ఒక్కటి వేసింది, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. అయిపోయాక నేను చెప్పాను. తప్పు కావేరిది కాదు, నాది. తెలిసే చేశాను.

"ఎందుకమ్మా? నా బిడ్డ నిన్నేం చేసింది?"

"ఏం చేయలేదమ్మా. నాకంటే బాగా చేసింది. చూసి కుళ్ళుకున్నాను."

ఆదెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. కొంగు బొడ్లో దోపుకుని పక్కింటి వైపు తిరిగి కేకేసింది: "ఒసే ఎంగటమ్మా, బిన్నా, తొందరగా రాయే! నెల్లూరు మేడం, అంత చదువుకున్నామె, మా కావేరిని చూసి కుళ్ళుకునిందంట!"

నలుగురు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నన్ను వింతగా చూశారు. ఆదెమ్మ ఆ మాటను మూడుసార్లు చెప్పించింది నా చేత. సిగ్గుతో చచ్చిపోతూ మూడుసార్లూ చెప్పాను. వాళ్ళు నవ్వుతున్నారు. కావేరి నవ్వలేదు.

"ఉద్యోగం?" అంది.

"పోయింది. అడిగాను. లేదన్నాడు."

"ఆదివారం ల్యాబు తాళం ఎవురి కాడ ఉండింది మేడం?"

"నా బ్యాగులోనే."

లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇక బయటికి రాదనుకుని లాప్‌టాప్ మూసి చెప్పులు వేసుకున్నాను. కావేరి నోట్‌బుక్కు, పెన్ను తీసుకుని బయటికొచ్చింది.

"కూర్చోండి మేడం. ఇంకా ఏమేం దాచినారు?"

చాలా ఉన్నాయన్నాను. పెన్ను మూత తీసి, పైన తేదీ వేసి, నా ఎదురుగా కూర్చుంది. అయిదు సెకన్ల దగ్గర మొదలుపెట్టాను.